దర్పణదుర్గంలో పోపు బాకీ

గుణాకరుడి మనసులో చిన్ననాటి నుంచి ఒక సందేహం ఉండిపోయింది. అడవులు దాటాడు, ఏరులు ఈదాడు, మొన్నటికి మొన్న మాట్లాడే మొసలితో పందెం కాసి గెలిచాడు కూడా. అయినా ఆ సందేహం మాత్రం పంటి సందున ఇరుక్కున్న పీచులా అలాగే ఉంది.

అతడి తండ్రి సోమనాచారి తామ్రపురిలో కంచు అద్దాలకు మెరుగుపెట్టేవాడు. ముందు ఇటుక పొడితో రుద్దేవాడు. తరువాత కాల్చిన వరిపొట్టు బూడిదతో, ఆ తరువాత నువ్వులనూనెలో తడిపిన మెత్తటి గుడ్డతో. ఆఖరున ఒట్టి అరచేత్తో. అరచేతి వెచ్చదనం తగిలేసరికి కంచు తేటనీరై కదిలినట్టు కనిపించేది. ఇంత చేసినవాడు అద్దం అంచున బొటనవేలి గోరంత చోటు మాత్రం మొరటుగా వదిలేసేవాడు.

"అది స్వామి చోటురా. పని పూర్తిచేసేవాడు ఆయనే" అని అద్దాన్ని కళ్ళకద్దుకునేవాడు.

"మరి స్వామి ఎప్పుడొచ్చి పూర్తిచేస్తాడు నాన్నా?"

"ఆయన తీరిక ఆయనది. నీకెందుకు? ఆ నూనె గిన్నె ఇటు అందుకో."

పద్నాలుగు లోకాలు చేసినవాడికి గోరంత పని మిగిల్చిపెట్టడం భక్తేనా? లేక గర్వం లేదని నలుగురికీ చూపించుకోవడం కూడా ఒక గర్వమేనా? గుణాకరుడు రోజూ స్నానం చేసి దీపం పెట్టకుండా మంచినీళ్ళు ముట్టేవాడు కాడు. కానీ దీపం ముందు కూర్చున్నప్పుడల్లా ఈ ప్రశ్నే గుర్తొచ్చేది. తండ్రి పోయాడు. జవాబు రాలేదు. గుణాకరుడూ ప్రతి అద్దంలోనూ గోరంత చోటు వదిలేస్తూనే ఉన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేడు. చెయ్యి అక్కడికి వెళ్ళి ఆగిపోయేది, అంతే.

ఆ ఉదయం కూడా ఆ సందేహాన్ని నెమరువేసుకుంటూనే అతడు దర్పణదుర్గం కొండ ఎక్కుతున్నాడు.

ఆ దుర్గానికి ఏలిక భస్మదంతుడు, మహా మాంత్రికుడు. వాడి విద్య చిత్రమైనది. తన ముఖం కనిపించేంతగా నిగనిగలాడే వస్తువు ఏదైనా సరే, ఎదుట వాడు నిలబడితే వాడి మాట వినవలసిందే. తామ్రపురి రాకుమారి ఇందుప్రభను వాడు ఎత్తుకుపోయి పాత కంచు అద్దంలో బంధించాడు. అద్దం చిలుముపట్టి మసకబారి ఉంది. దాన్ని అంచు నుంచి అంచు దాకా మెరిపించి అందులో తన ముఖం చూసుకున్న మరుక్షణం ఇందుప్రభ తన మనసు, తన మాట అంటూ లేని బానిసై వాడి వెంట నడుస్తుంది. అయితే అది తామ్రపురి కంచు. తామ్రపురి పనివాడి చేతికి తప్ప లొంగదు. అందుకని భస్మదంతుడు తామ్రపురి పనివాడి కోసం కాచుకుని ఉన్నాడు.

దుర్గంలో ఉన్న వేల అద్దాలలో ఆ అద్దమేదో గుర్తుపట్టి దొంగిలించి తేవాలన్నా తామ్రపురి పనివాడే కావాలి. ఎవడు ఆ గడప తొక్కకూడదో వాడే తొక్కక తప్పలేదు. రాకుమారి అన్న కీర్తిధరుడు తోడు బయలుదేరాడు. గుణాకరుడు మౌనవ్రతం పట్టిన బైరాగి, యువరాజు అతడి శిష్యుడు. ఇదీ వేషం.

"గురువుగారూ," అన్నాడు యువరాజు రొప్పుతూ, "ఈ మూటలో ఏం పెట్టారు? నెత్తి మీద ఇంకో కొండ మోస్తున్నట్టుంది."

"ఇటుక పొడి, గరుకు కురువిందం పొడి, బూడిద, నూనె గుడ్డ, చింతపండు ముద్ద."

"మారువేషంలో వెళుతూ పనిముట్లు తెచ్చుకుంటారటయ్యా ఎవరైనా?"

"అవి లేకుండా గడప దాటడం అలవాటు లేదు యువరాజా."

"యువరాజా ఏమిటి? శిష్యా అను. తిట్టు కూడా. తిట్టకపోతే గురువని ఎవడు నమ్ముతాడు?"

గుణాకరుడు గొంతు సవరించుకున్నాడు. "ఒరే మందమతీ! మూట జారుతోంది, కళ్ళు నెత్తికెక్కాయా?"

"చాలు చాలు. ఇంత ఇష్టంగా తిట్టమని చెప్పలేదు నేను."

మలుపు తిరిగేసరికి కోట కనిపించింది. ఇద్దరూ అక్కడే ఆగిపోయారు.

అది కట్టిన కోటలా లేదు, పోతపోసిన వెన్నెలలా ఉంది. గుల్లసున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం, గుడ్డు సొన కలిపి పూసి, పూసిన చోటల్లా గులకరాయితో రోజుల తరబడి రుద్దిన గోడలు. వాటి మీద మబ్బులు నడిచిపోతున్నాయి. ఎగిరే కొంగ గోడలోని కొంగను చూసి ఉలికిపడి పక్కకు తప్పుకుంటోంది. లక్కపూత వేసి మొగలి ఆకుతో తోమిన తలుపులు పండిన నేరేడు పళ్ళలా నిగనిగలాడుతున్నాయి. భటుల బట్టలకు చిక్కటి గంజి పెట్టి, గవ్వలతో తోమి, కత్తిలా మడతలు తీర్చారు. వాళ్ళు అడుగు వేస్తే ఎండుటాకుల మీద నడిచినట్టు ఫెళఫెళమని చప్పుడు. కూర్చోమంటే కూర్చోలేరు, వంగమంటే వంగలేరు.

ద్వారం దగ్గర భటుడొకడు వెండి పళ్ళెంలో కాజాలు పెట్టి ఎదురొచ్చాడు. పాకం పట్టిన తీరు ఎలాంటిదంటే ఒక్కొక్క కాజాలో ఆకాశం ఒక్కొక్క ముక్క కనిపిస్తోంది.

గుణాకరుడు వద్దని తల అడ్డంగా ఊపాడు. మౌనవ్రతం కనుక నోరు విప్పలేడు. కళ్ళతో సైగ చేశాడు, మోకాలితో పొడిచాడు. యువరాజు అప్పటికే రెండు నోట్లో వేసుకున్నాడు.

"మా గురువుగారిది ఉపవాసం. వారి వాటా కూడా నాకే ఇవ్వండి" అన్నాడు నములుతూ.

భటుడు వాళ్ళను లోపలి సభకు తీసుకుపోయాడు. గోడల నిండా అద్దాలే. బంగారు చట్రాలవి, దంతపు చట్రాలవి, గుండ్రటివి, పలకలవి. అడుగు తీసి అడుగు వేస్తే వెయ్యిమంది బైరాగులు వెయ్యిమంది శిష్యులతో కలిసి నడుస్తున్నట్టుంది. చివర ఎత్తైన పీట మీద భస్మదంతుడు కూర్చుని ఉన్నాడు. గుండు మీద నూనె మెరుస్తోంది, గోళ్ళు మెరుస్తున్నాయి, తోమి తోమి అరిగిన పళ్ళు మరీ మెరుస్తున్నాయి.

"రండి స్వామీ, రండి. మా అద్దాలు చూసుకుంటూ నెమ్మదిగా రండి" అన్నాడు వాడు తేనె పూసిన గొంతుతో.

గుణాకరుడు నడిచాడు. ఒక అద్దం, ఇంకొకటి, మరొకటి. ఏదీ అది కాదు. అప్పుడు ఎడమ వైపు వరుసలో కనిపించింది. మసకబారిన, చిలుముపట్టిన గుండ్రటి కంచు అద్దం. ఇన్ని మెరుపుల మధ్య అది ఉతికిన బట్టల మీద పడిన బురదచుక్కలా ఉంది. దొరికింది! ఇక చూడనట్టు ముందుకు పోవాలి. పోవాలి అనుకున్నాడు కూడా.

కానీ ఆ చిలుము! పుట్టిన దగ్గర నుంచి కంచు మధ్య పెరిగిన ఏ చెయ్యి అయినా అది చూసి ఎలా ఊరుకుంటుంది? పక్కవాడి భుజం మీద చీమ పాకుతుంటే దులపకుండా ఉండగలమా? గుణాకరుడికి తెలియకుండానే కాషాయపు చెంగు నోటి దగ్గరకు వెళ్ళింది, ఆవిరి పట్టింది, అద్దం మీదకు చేరింది. గుండ్రంగా, మెత్తగా, బయటి నుంచి లోపలికి. తండ్రి నేర్పిన తిప్పుడు అది.

చప్పట్లు వినిపించాయి.

"వచ్చావా నాయనా!" భస్మదంతుడు పీట దిగి వస్తున్నాడు. "ఎంతమందో ఆ అద్దం ముందు నుంచి పోయారు. సన్యాసులు, వర్తకులు, గారడీవాళ్ళు. ఒక్కడూ తల తిప్పలేదు. దాన్ని అక్కడ తగిలించింది ఇందుకే. తామ్రపురి కంచరి నోరు కట్టుకోగలడు కానీ చెయ్యి కట్టుకోలేడు."

యువరాజు తల పట్టుకున్నాడు. "గురువుగారూ! మౌనవ్రతం నోటికేనా, చేతికి లేదూ?"

"పొరపాటైంది" అన్నాడు గుణాకరుడు సిగ్గుపడుతూ.

భటులు ఈటెలు గురిపెట్టారు. భస్మదంతుడు యువరాజు వైపు వేలు చూపించాడు. "మూట విప్పు కంచరీ. అద్దం పూర్తిగా మెరిపించు. లేదా నీ శిష్యుణ్ణి సున్నంలో కలిపి నా గోడకు పూత వేయిస్తాను. కొవ్వు బాగానే ఉంది, నునుపు వస్తుంది."

"కొవ్వా?" అన్నాడు యువరాజు మండిపడి.

గుణాకరుడు మనసులో కులదైవాన్ని తలుచుకున్నాడు. వేరే దారి తోచలేదు. మూట విప్పి కింద కూర్చుని, అద్దం ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇటుక పొడి రుద్దాడు. చింతపండు పులుసుకు చిలుము నురగలా లేచిపోయింది. బూడిద పట్టించాడు. అద్దం లోతుల్లో ఒక నీడ కదిలింది. నూనె గుడ్డ తిప్పేసరికి నీడకు రెండు పెద్ద కళ్ళు వచ్చాయి, ఆ వెంటనే సన్నని గొంతు వినిపించింది.

"ఎవరయ్యా నువ్వు? నీ చేతులు విరగ! ఎందుకు రుద్దుతున్నావు?"

"మిమ్మల్ని విడిపించడానికే అమ్మా" అన్నాడు పెదవి కదపకుండా.

"ఇలాగేనా విడిపించడం? కాసేపట్లో వాడి వెనక చామరం పట్టుకుని తిరుగుతాను. మా అన్నయ్య ఎక్కడ?"

"ఇక్కడే ఉన్నాడు. కాజాలు తిన్నాడు."

"తింటాడు. నాకు తెలుసు."

అద్దం మెరిసింది. కప్పులోని ప్రతి దూలం అందులో స్పష్టంగా కనిపిస్తోంది. అరచేత్తో ఆఖరి మెరుగు కూడా అయింది. ఒక్క అంచున గోరంత చోటు మిగిలింది. అక్కడికి వెళ్ళి గుణాకరుడి చెయ్యి ఆగిపోయింది. కదలనంటే కదలనంది. ఆ చోటును ఎడమ బొటనవేలితో కప్పేసి, "అయింది" అన్నాడు.

భస్మదంతుడు ఆత్రంగా అద్దం మీదకు వంగాడు. తన ముఖం చూసుకున్నాడు. పళ్ళు చూసుకుని మురిశాడు. కుడి అరచెయ్యి అద్దానికి ఆనించి మంత్రం అందుకున్నాడు. నీలిరంగు వెలుగు ఒకటి అద్దమంతా గిరగిర తిరగడం మొదలుపెట్టింది, అంచులు వెతుక్కుంటూ, మూత పడబోతూ.

గుణాకరుడు బొటనవేలు తీశాడు.

ఆ గోరంత మొరటు చోటులో మాంత్రికుడి ముఖం లేదు. అక్కడ వాడి మాట చెల్లలేదు. చిల్లుపడిన కుండలోంచి నీరు చిమ్మినట్టు ఆ వెలుగంతా బుస్సున బయటకు దూకింది. దానితోపాటు రాకుమారి ఇందుప్రభ జడ ముందు, తాను వెనకగా వచ్చి అన్నగారి మీద పడింది. ఖాళీ అయిన అద్దం ఏదో ఒకటి కావాలన్నట్టు భస్మదంతుడి చేతిని మోచేయి దాకా లోపలికి గుంజుకుంది.

ఇది నాన్న చాకచక్యమా, స్వామి దయా? గుణాకరుడు ఒక్క క్షణం ఆలోచించబోయాడు. ఈటె ఒకటి చెవి పక్క నుంచి పోయింది. ఆలోచన తరువాత చూసుకోవచ్చని మూట చంకన పెట్టుకుని లేచి పరుగెత్తాడు.

"తలుపులూ, మూసుకోండి!" భస్మదంతుడు అరిచాడు. ఒక చేతికి తగులుకున్న అద్దాన్ని ఈడ్చుకుంటూ దబదబమని వెంటబడ్డాడు. వాడి ముఖం పడిన లక్కతలుపులు రెండూ ధడేలున మూసుకున్నాయి.

గుణాకరుడు గుప్పెడు కురువిందం పొడి తలుపు మీద కొట్టి బరబరా రుద్దాడు. మెరుపు పోయింది, గీతలు పడ్డాయి. ఉత్త చెక్కగా మారిన తలుపు తోస్తే తెరుచుకుంది.

"ఎంత చక్కటి పూత! ఎవరి చేతి పనో. పాడుచేశాను" అని అతడు నిట్టూర్చాడు.

"తరువాత ఏడుద్దువుగాని, పదవయ్యా!" రాకుమారి అతడి వీపు మీద ఒక్కటిచ్చింది.

భటులు గంజి బట్టల్లో వంగలేక నిలువునా పరుగెత్తి, నున్నటి నేల మీద వరసగా జారి, ఒకరి మీద ఒకరు పెళపెళమంటూ కూలారు. ముగ్గురూ రెండు వసారాలు దాటారు. మూడో వసారాలో వెనక నుంచి భస్మదంతుడి కేక వినిపించింది.

"కాజాలూ! ఆగండి!"

యువరాజు ఉన్నచోటే ఆగిపోయాడు. కాళ్ళు కదులుతామంటున్నాయి, పొట్ట ససేమిరా అంటోంది. "గుణాకరా! నా కడుపు నా మాట వినడం లేదు!"

"ఎప్పుడు విన్నది గనక!" అంది చెల్లెలు.

తినకముందే ఆ పాకంలో మాంత్రికుడు ముఖం చూసుకుని ఉంటాడని గుణాకరుడు గ్రహించాడు. మూటలోంచి చింతపండు ముద్ద తీసి యువరాజు నోట్లో కుక్కాడు. ఇత్తడి బిందెలు తోమే చింతపండు, ఇటుక పొడి కలిసింది. యువరాజు ముఖం ఎన్నో వంకరలు తిరిగింది. కాజాలు వెళ్ళిన దారినే తిరిగి వచ్చాయి.

"దీనికి నిన్ను శూలానికి వేయించాలి" అన్నాడు యువరాజు కళ్ళు తుడుచుకుంటూ, అప్పటికే పరుగెడుతూ.

వసారా చివర మెట్లు కిందికి దిగాయి. దిగిన కొద్దీ మెరుపు తగ్గింది. చివరకు వాళ్ళు పడింది ఒక పాత వంటశాలలో. ఎవరూ అడుగుపెట్టని చోటు. గోడలు, కప్పు, పొయ్యిలు, గుండిగలు, అన్నీ తరాల మసితో నల్లగా పేరుకుని ఉన్నాయి. పైన పొగగూడులోంచి ఎండ ఒక్క గీతగా దిగుతోంది. ముఖం చూసుకోవడానికి సూదిమొనంత మెరుపు లేదు. మాంత్రికుడి మాట ఇక్కడ చెల్లదు. యువరాజు తలుపు మూసి, రోకలి అడ్డం పెట్టి, దానికి వీపు ఆనించాడు.

ఎదురు గోడకు ఇనుప ద్వారం ఉంది. దాని సందులోంచి చల్లటి గాలి వస్తోంది. బయటికి దారి! కానీ దాని గడియ మీద ఒక భూతం కూర్చుని ఉంది. తాటిదూలమంత ఒళ్ళు, గుమ్మడికాయంత తల, నడుముకు వంటవాడి అంగవస్త్రం. ఒళ్ళో పెద్ద కంచు గిన్నె. భూతం దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"అయ్యా, కాస్త పక్కకు జరుగుతారా?" అన్నాడు గుణాకరుడు చేతులు జోడించి.

"జరగను" అంది భూతం. "ఎవరొచ్చినా జరగను. నన్ను జరపడం మీ మాంత్రికుడి వల్ల కూడా కాలేదు. నాకు రావలసింది నాకు వస్తేనే జరుగుతాను."

"ఏం రావాలి?"

భూతం ముక్కు చీదింది. పొయ్యిలో బూడిద ఎగిరింది.

"పోపు" అంది.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నా పేరు బొల్లన్న. ఈ కోట పాత దొరల కాలంలో వంటవాణ్ణి. ఒకనాడు తామ్రపురి మహారాణి మందాకినీదేవి తీర్థయాత్ర నుంచి వస్తూ ఇక్కడ దిగింది. కందిపప్పు వండాను. మెత్తగా, వెన్నలా ఉడికింది. ఆ తల్లి ఈ వంటింట్లోకే వచ్చి, 'బొల్లన్నా, రోజూ అందరికీ వడ్డించేవాడివి. నీకెవరైనా వడ్డించారా? ఈ పప్పుకు నేను పోపు పెట్టి, నా చేత్తో నీకు ముద్ద పెడతాను' అంది. నా జన్మలో ఎవరూ అనలేదమ్మా అలాంటి మాట! నూనె గరిటె చేతిలోకి తీసుకుంది. అంతలో యుద్ధభేరి మోగింది. 'వచ్చి పెడతాను, పప్పు జాగ్రత్త' అని గుర్రం ఎక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. నేను పోయాను, పప్పు మాత్రం ఇలాగే ఉంది. మాట మీద నిలిచిన పప్పు, పాచిపోలేదు."

"ఆవిడ మా ముత్తవ్వ" అంది ఇందుప్రభ నెమ్మదిగా. "ఆ యుద్ధంలోనే పోయింది."

భూతం పెద్ద కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. "అయితే నువ్వు పెట్టు."

తలుపు మీద గొడ్డలి దెబ్బ పడింది. రోకలి కిర్రుమంది.

"తొందరగా పెట్టవే!" అన్నాడు అన్న.

"నేనెప్పుడైనా వంటింటి గడప తొక్కానా? వీణ వాయించమంటే వాయిస్తాను."

"పోపు పెట్టడం వీణ కన్నా కష్టమా?"

"అయితే నువ్వు పెట్టు, నేను తలుపు పట్టుకుంటాను."

"ఆడపడుచు మాట ఇచ్చింది, ఆడపడుచే తీర్చాలి" అంది భూతం ఖచ్చితంగా. "సరుకులన్నీ ఉన్నాయి. ఆవాలు, మినప్పప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువ. కరివేపాకు కూడా నా మాట మీద వాడిపోలేదు. నా చెయ్యి మంచులా చల్లన. నేను వేస్తే ఆవగింజ చిటపటమనదు. లేకపోతే ఇన్నాళ్ళు ఎందుకు కూర్చుంటాను?"

గుణాకరుడు చెకుముకి కొట్టి పొయ్యి రాజేశాడు. రాకుమారి ఇనుప గరిటెలో నూనె పోసి, పోసీ పోయగానే అన్నీ కలిపి గుప్పెడు వేసేసింది. చప్పుడు లేదు. గాబరాపడి మంట పెంచింది. ఒక్కసారిగా నల్లటి పొగ లేచింది.

"మాడ్చింది! మాడ్చేసింది!" బొల్లన్న లబలబలాడాడు. "ఆ మాడు నా పప్పులో వేశావో, ప్రళయం దాకా ఈ గడియ దిగను."

తలుపు పలక ఒకటి చీలింది. గొడ్డలి మొన లోపలికి కనిపించింది. సరుకు ఇంకొక్క పోపుకే మిగిలింది. రాకుమారి గరిటె వైపు, తలుపు వైపు మార్చి మార్చి చూసింది. అద్దంలో ఉన్నప్పుడు కూడా బెదరని పిల్ల ఆమె.

"అమ్మా," అన్నాడు గుణాకరుడు పక్కన కూర్చుని, "మా ఇంట్లో అమ్మ పోపు పెడుతుంటే నేను పొయ్యి దగ్గరే కూర్చుని అద్దాలు తుడిచేవాణ్ణి. వంట నాకు రాదు. కానీ నూనె నిగారింపు తెలుసు. నూనె కదలకుండా ఉన్నంతసేపు అందులో మీ ముఖం కనిపిస్తుంది. ఆ ముఖం సన్నగా వణకడం మొదలైనప్పుడు ఆవాలు వేయండి. అవి చిటపటలాడి సద్దుమణిగేదాకా మిగతావి వేయొద్దు. ఈలోగా తలుపు విరిగితే విరగనివ్వండి."

"ఏమన్నావు?" అన్నాడు యువరాజు తలుపు దగ్గర నుంచి.

ఇందుప్రభ గరిటె తుడిచింది. కొత్త నూనె పోసింది. మంట తగ్గించింది. గొడ్డలి పడుతోంది, అన్న మూలుగుతున్నాడు, ఆమె చూపు మాత్రం నూనె మీదే ఉంది. నూనె తేటగా, బంగారంలా నిలిచింది. అందులో ఆమె ముఖం కనిపించింది.

తరువాత వేరే ముఖం కనిపించింది.

తలుపు చీలికలోంచి భస్మదంతుడు తొంగిచూస్తున్నాడు. మసి గదిలో మెరిసేది ఆ గరిటెడు నూనె ఒక్కటే. వాడి కళ్ళకు అది దొరికింది. నూనెలో పళ్ళు తళుక్కుమన్నాయి. "నూనె, భగ్గున అంటుకో! ఈ పిల్ల ముఖం..."

అప్పుడే ఆ ముఖం సన్నగా వణికింది.

"వేళైంది" అంది ఇందుప్రభ. గుప్పెడు ఆవాలు నూనెలో కనిపిస్తున్న వాడి కళ్ళలో సూటిగా వేసింది.

చిట్! చిటపట, చిటపట, చిటచిటచిట! నూనెలో మాంత్రికుడి ముఖం వెయ్యి ముక్కలై పేలింది. తలుపు అవతల వాడు కళ్ళు మూసుకుని, అద్దం తగిలిన చెయ్యి ఆడిస్తూ గంతులు వేశాడు. అద్దం తగిలి ముగ్గురు భటులు మెట్ల మీద దొర్లారు. ఇందుప్రభకు అవేవీ వినిపించలేదు. ఆవాలు సద్దుమణిగాయి. మినప్పప్పు వేసింది, ఎర్రబడేదాకా ఆగింది. జీలకర్ర. చితక్కొట్టిన వెల్లుల్లి. ఎండుమిర్చి ఉబ్బి రంగు తిరిగింది. చిటికెడు ఇంగువ. ఆఖరున కరివేపాకు వేస్తే ఆకులు చిటపటమని ముడుచుకున్నాయి.

వంటశాలంతా ఘుమఘుమలాడింది. తలుపు బయట గొడ్డలి కూడా ఒక్క క్షణం ఆగింది. పాపం, ఆ భటుడు ఏ ఇంటివాడో.

ఆమె గరిటె ఎత్తి గిన్నెలో ముంచింది.

చుయ్‌య్‌మంది.

బొల్లన్న కళ్ళు మూసుకున్నాడు. ఆ చప్పుడు పూర్తిగా అణిగేదాకా తెరవలేదు.

"ఇక జరుగు తాతా" అంది ఇందుప్రభ ద్వారం వైపు చూపిస్తూ.

"పోపే పెట్టావు. ముద్ద పెట్టలేదు."

రోకలి విరిగింది. యువరాజు ఒంటి భుజంతో తలుపు ఆపుతూ, "ముద్ద పెట్టవే తల్లీ! పెద్ద ముద్ద పెట్టు!" అని అరిచాడు.

ఇందుప్రభ పప్పు కలిపింది. ముద్ద చేసింది. ఏనాడూ ఎవరికీ వడ్డించని చెయ్యి అది, సగం వేళ్ళ సందుల్లోంచి జారింది. మునికాళ్ళ మీద లేచి ఆ గుమ్మడికాయంత నోటికి అందించింది. "మా ముత్తవ్వ ఆలస్యం చేసింది. ఏమనుకోకు బొల్లన్నా."

భూతం నమిలింది. చాలాసేపు నమిలింది. నల్లటి చెంపల మీద నుంచి రెండు తెల్లటి చారలు దిగాయి.

"వేడిగా ఉంది" అన్నాడు బొల్లన్న. "చాలమ్మా. తీరిపోయింది."

తాటిదూలమంత ఒళ్ళు పొగగూడులోంచి దిగిన ఎండలో పలచబడింది. పైకి లేచిన ఆవిరిలా కదిలింది. ఇన్ని తరాలుగా ఏ మంత్రానికీ కదలని గడియ, మీద బరువు లేక దానంతటదే పైకి లేచింది. ఇనుప ద్వారం తెరుచుకుంది. అవతల లోయ నిండా, ముఖం కనిపించని బురదనీటితో వరద ఏరు ఉరకలు వేస్తోంది, ఒడ్డున పడవ లేదు. వెనక తలుపు విరిగింది. ముగ్గురూ చేతులు పట్టుకుని దూకారు. వాళ్ళు గాలిలో ఉండగా పైనుంచి, పొగగూడు అంచున ఎక్కడో, బొల్లన్న గిన్నె అడుగును వేలితో గీకి తుడుచుకుంటున్న చప్పుడు హాయిగా వినిపించింది.